గుండె బొమ్మ వెనుక రుజువు ఏది?

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,

నమస్కారం. యాంటీఆక్సిడెంట్ మాత్రల (శరీరంలో ఆక్సీకరణను, అంటే ఆక్సిజన్‌తో జరిగే రసాయన మార్పును, అడ్డుకుంటాయనే విటమిన్ల వంటి వాటి) డబ్బాలపై ఎర్రని గుండె బొమ్మ వేసి ‘గుండె ఆరోగ్యానికి’ అని అమ్ముతున్న తీరును పరిశీలించవలసిందిగా కోరుతున్నాను.

ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్ (‘చెడు’) కొలెస్టరాల్ ధమనుల గోడల్లో పేరుకుంటుంది కనుక ఆ ఆక్సీకరణను ఆపితే గుండెపోటు తప్పుతుందన్న వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. విటమిన్లు ఎక్కువగా తీసుకునేవారిలో గుండెజబ్బులు తక్కువని కొన్ని పరిశీలనలు చెప్పిన మాటా నిజమే. అయితే అటువంటివారు తరచు పొగ తాగరు, వ్యాయామం చేస్తారు, కాబట్టి ఆ మేలు మాత్రదే అనలేం. బ్రిటన్‌లో 20,536 మందిని చీటీ తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి ఐదేళ్లపాటు రోజూ 600 మిల్లీగ్రాముల విటమిన్ ఇ, 250 మిల్లీగ్రాముల విటమిన్ సి, 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (శరీరం విటమిన్ ఎగా మార్చుకునే పదార్థం), రెండో వర్గానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2002లో వెలువడిన ఫలితాల ప్రకారం రక్తంలో విటమిన్లు పెరిగాయే తప్ప గుండెపోట్లు తగ్గలేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులకు బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని 1994లోనే తేలింది.

ఆహార ప్రకటనలు శాస్త్రీయ ఆధారంతో ఉండాలని మీ 2018 నిబంధనలే చెబుతున్నాయి. ఆ ఆధారం పరీక్షనాళికలోనిదో, రక్తపరీక్షలో మారిన అంకెదో అయితే చాలదు. గుండె పేరెత్తే ప్రతి ఉత్పత్తికీ మనుషుల్లో గుండెపోట్లను, మరణాలను లెక్కించిన ప్రయోగ ఫలితాలు అడిగి, తయారీదారులు సమర్పించిన పత్రాలను అందరికీ కనిపించేలా ఉంచండి; ‘ఔషధంగా వాడరాదు’ అన్న హెచ్చరికను ఆ గుండె బొమ్మంత పెద్దగా అచ్చువేయించండి.

ఇట్లు,
ఒక వినియోగదారు