జిప్సం లోడు పంపే ముందు అడుగు మట్టిని చూస్తాము

మా అంగడికి వచ్చే రైతులందరికీ నమస్కారం. అనంతపురం జిల్లాలో జిప్సం, పచ్చిరొట్ట విత్తనాలు అమ్ముతూ, నేలను తిరగేయకుండా లోతుగా చీల్చే చిజెల్ నాగలిని అద్దెకిస్తున్న మేము ఈ తొలకరి నుంచి ఒక పద్ధతి మారుస్తున్నాము. గట్టిపడిన నేలను బాగుచేయడానికి జిప్సం గానీ నాగలి గానీ అడిగినవారి చేనులో అడుగు మట్టిని పరీక్షించిన తరువాతే వాటిని పంపుతాము. వేరుశనగ ఊడలు దిగే దశలో ఎకరాకు 200 కిలోల చొప్పున వేసే జిప్సం కాయకు కావలసిన కాల్షియం, గంధకం కోసం కనుక, దానికి ఈ షరతు వర్తించదు.

ఈ మార్పుకు కారణం నిరుడు మా వల్ల జరిగిన పొరపాటే. కొందరు రైతులు తెచ్చిన మట్టి గడ్డలను అంగడిలోని బోరు నీళ్లలో వేసి చూసి, నీరు తేటగానే ఉండటంతో, బంకమట్టిని చెదరగొట్టి నేలను గట్టిపరిచే సోడియం సమస్య లేదనీ, లోతుగా దున్నితే చాలుననీ చెప్పి నాగలి పంపాము. మొదటి పెద్ద వానకే ఆ చీలికలన్నీ పూడిపోయి, ఎండ కాయగానే నేల మునుపటికంటే గట్టిగా బిగుసుకుంది. బోరు నీటిలో కరిగి ఉన్న లవణాలు బంకమట్టి రేణువులను విడిపోకుండా పట్టి ఉంచుతాయని, లవణాలు లేని వాన నీరు తగిలినప్పుడే సోడియం నిండిన మట్టి అసలు గుణం బయటపడుతుందని ఆ తరువాత గాని మాకు తెలిసిరాలేదు. అలా నాగలి తీసుకున్నవారిలో ఇద్దరికి అద్దె తిరిగి ఇచ్చాము. మిగిలినవారు కూడా వచ్చి తీసుకోవలసిందిగా కోరుతున్నాము.

ఇప్పుడు మేము వాడుతున్నది డిస్టిల్డ్ వాటర్, అంటే మెకానిక్ అంగళ్లలో బ్యాటరీలకు పోసే నీళ్లు. బాగా ఆరిన, శనగ గింజంత మట్టి గడ్డను గ్లాసులోని ఆ నీటిలో మెల్లగా జారవిడిచి, కదపకుండా 10 నిమిషాల తరువాత ఒకసారి, రెండు గంటల తరువాత మరొకసారి చూడాలి. గడ్డ పొడిపొడిగా రాలిపోయినా నీరు తేటగా ఉంటే, ఆ మట్టిలో సేంద్రియ పదార్థం తక్కువగా ఉందని అర్థం. గడ్డ చుట్టూ పాలు కలిపినట్టు మబ్బు కమ్మితే బంకమట్టి చెదిరిపోతోందన్నమాట. దానికి చాలావరకు సోడియమే కారణం.

మన ఎర్ర నేలల్లో చాలావరకు మొదటి రకానివే. సన్న ఇసుక, ఒండ్రు ఎక్కువగా, జీవాంశం తక్కువగా ఉన్న పైపొర వానకు మెత్తబడి కూలి, ఎండకు ఇటుకలా గట్టిపడుతుంది. దీనికి పశువుల ఎరువు, పైన చెత్త కప్పడం, సరైన పదునులో మాత్రమే దున్నడం, రోటవేటర్ వాడకం తగ్గించడం అవసరం. ఇలాంటి చేలకు కూడా మేము గతంలో జిప్సం అమ్మిన మాట నిజమే, ఆ డబ్బుతో ఎరువు తోలించుకొని ఉంటే రైతుకు మేలు జరిగేది.

చిక్కంతా పైన ఎర్ర మట్టి, అడుగున సోడియం పట్టిన జిగట మట్టి ఉన్న చేలతోనే వస్తుంది. సాయిల్ హెల్త్ కార్డుకు మట్టిని 15 సెంటీమీటర్ల లోతు వరకే తీస్తారు కనుక, అందులో ఉదజని సూచిక (pH) బాగానే కనిపించినా ఆ కింద ఏముందో తెలియదు. ప్రయోగశాలలో అడుగు మట్టిని పరీక్షించినా, మార్పిడి సోడియం, అంటే మట్టి రేణువులను పట్టుకొని ఉండే సోడియం వాటా, 15 శాతం దాటితేనే దానిని కారుచౌడుగా పరిగణించడం మన దగ్గర వాడుక. ఆస్ట్రేలియాలో 6 శాతం నుంచే సోడిక్ (సోడియం పట్టిన) నేలగా లెక్కిస్తారు. వానాధారపు చేలకు ఆ లెక్కే సరిపోతుందని నా అభిప్రాయం, ఎందుకంటే వాటికి అందేది లవణాలు లేని వాన నీరే.

అటువంటి చేనుకు 200 కిలోల జిప్సం ఏ మూలకూ చాలదు. 15 సెంటీమీటర్ల మందంలో, 100 గ్రాముల మట్టికి ఒక మిల్లీ ఈక్వివలెంటు (ప్రయోగశాలలో వాడే కొలత) సోడియాన్ని తొలగించాలంటే ఎకరాకు దాదాపు 8 క్వింటాళ్ల స్వచ్ఛమైన జిప్సం కావాలి. అంత ఖర్చు పెట్టినా, జిప్సంలోని కాల్షియం తోసివేసిన సోడియం నీటితో కిందికి దిగిపోయే దారి లేకపోతే ఫలితం ఉండదు కనుక, మురుగు పోని పల్లపు మడులకు మేము జిప్సం సిఫారసు చేయము. నాగలి వేసేటప్పుడు అడుగు మట్టి పైకి తిరగబడకుండా చూసి, ఆ చీలికల్లోకి జిప్సం చేరేలా చేయాలి, వెంటనే జీలుగ చల్లితే వేళ్లు ఆ దారులను కొంతకాలం తెరచి ఉంచుతాయి. బోరు నీటిలో అవశేష సోడియం కార్బనేటు (కాల్షియం, మెగ్నీషియంలకు మించి ఉన్న కార్బనేట్ల లెక్క) లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే, ఆ నీరు పారిన ప్రతిసారీ సోడియం మళ్లీ చేరుతూనే ఉంటుంది. అందుకే నీటి పరీక్ష కాగితం కూడా అడుగుతున్నాము.

పరీక్షకు రుసుము లేదు. చేనులో బాగా పండే చోట ఒకటి, మొలక సరిగా రాని చోట ఒకటి గుంతలు తీసి, ఒక్కొక్క దానిలో జానెడు లోపు మట్టిని, మూరెడు లోతు మట్టిని వేర్వేరు సంచుల్లో గడ్డలుగానే తీసుకురండి. పొడి చేసిన మట్టి ఈ పరీక్షకు పనికిరాదు. తడి గడ్డలైతే నీడలో ఆరనివ్వాలి కనుక, ఫలితం చెప్పడానికి రెండు మూడు రోజులు పడుతుంది.