47 ఆలౌట్ గురించి మామకి

ఒరేయ్ మామా,

ఫోన్‌లో అయితే నువ్వు నన్ను ఒక్క ముక్క పూర్తి చెయ్యనివ్వవు, అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగే అవుతుంది. కాఫీ పెట్టుకుని కూర్చో.

మహిళల మొట్టమొదటి టెస్టులో ఆస్ట్రేలియా 47కే ఆలౌటైందని చెప్పగానే పకపకా నవ్వావు. "మా వీధిలో పిల్లలు ఇంతకన్నా ఎక్కువ కొడతార్రా" అన్నావు కూడా. సరే. 2020 డిసెంబర్‌లో అడిలైడ్‌లో మనవాళ్లు 36 కొట్టారు గుర్తుందా? కోహ్లీ, పుజారా, రహానే అందరూ ఉన్న జట్టది. ఆ రోజు నువ్వు నవ్వలేదు. టీవీ కట్టేసి, అన్నం కూడా తినకుండా పడుకున్నావని చెల్లెమ్మే చెప్పింది. కాబట్టి ఆ నవ్వు కాసేపు పక్కన పెట్టి విను.

ఆ మ్యాచ్ 1934 డిసెంబర్ 28న బ్రిస్బేన్ ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే బాడీలైన్ గొడవ, అంటే ఇంగ్లండ్ బౌలర్లు ఆస్ట్రేలియా బ్యాటర్ల ఒంటి మీదకి బంతులేసిన గొడవ. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా మగ జట్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేనంత చెడ్డాయి. 1934 వేసవిలో ఆస్ట్రేలియా వాళ్లు ఇంగ్లండ్ వెళ్లి యాషెస్ (ఆ రెండు దేశాల టెస్టు సిరీస్) కూడా పట్టుకుపోయారు. ఆ వేడి చల్లారకముందే ఇంగ్లండ్ నుంచి ఈ అమ్మాయిల జట్టు ఓడెక్కింది. వీళ్ల సంఘం పుట్టి అప్పటికి ఎనిమిదేళ్లు. 1926లో కొందరు హాకీ ఆడే ఆడవాళ్లు, వేసవిలో కూడా ఏదో ఒకటి ఆడుకోవాలని పెట్టుకున్న సంఘమది. బోర్డు, స్పాన్సర్, మ్యాచ్ ఫీజు లాంటివేమీ లేవు. ఓడ టికెట్టు డబ్బులు ఎవరివి వాళ్లే పెట్టుకోవాలి. పైగా నెలల తరబడి సెలవు దొరకాలి. అంటే జట్టులోకి రావాలంటే ఆట వస్తే చాలదు, ఇంట్లో డబ్బూ ఉండాలి, అంత సెలవిచ్చే ఉద్యోగమూ ఉండాలి. ఆ జల్లెడలోంచి ఎంతమంది మంచి ఆటగత్తెలు జారిపోయారో!

ఆస్ట్రేలియాని 47కి కూల్చింది మిర్టిల్ మాక్లగన్ అనే ఆఫ్ స్పిన్నర్. 17 ఓవర్లు, 11 మెయిడిన్లు (పరుగే ఇవ్వని ఓవర్లు), 10 పరుగులు, 7 వికెట్లు. ఈ అంకెలు ఇంకోసారి చదువు. ఈవిడ పుట్టింది ఎక్కడో తెలుసా, మన అంబాలాలో! 1911లో, బ్రిటిష్ వాళ్ల కాలంలో. బంతితో ఇంత చేసి ఊరుకోలేదు. ఓపెనర్‌గా దిగి 72 కొట్టింది. ఇంగ్లండ్ మొత్తం స్కోరే 154. రెండో ఇన్నింగ్స్‌లో ఆస్ట్రేలియా 138 చేసింది. అందులో ఎస్సీ షెవిల్ అనే అమ్మాయి 63 నాటౌట్, అవతలి వైపు వికెట్లు పడుతూనే ఉన్నా ఆవిడ కదల్లేదు. 47 దగ్గర నవ్వి వెళ్లిపోయేవాడికి ఈ 63 కనిపించదు. ఇంగ్లండ్ తొమ్మిది వికెట్లతో గెలిచింది.

ఆ వారంలోనే సిడ్నీలో రెండో టెస్టు. అక్కడ మాక్లగన్ 119 కొట్టింది. మహిళల టెస్టుల్లో మొదటి సెంచరీ అదే. లండన్‌లో ఒక పత్రిక దాని మీద నాలుగు పాదాల పద్యం కూడా వేసింది. మగాళ్లు ఓడితే ఏం, మన ఆడవాళ్లు ఆడుతున్నారు కదా అని దాని సారాంశం. మెచ్చుకోలు కన్నా మగ జట్టుకి చురక వెయ్యడానికే రాసినట్టుంది నాకైతే. మూడోది మెల్‌బోర్న్‌లో డ్రా అయింది. అందులో ఆస్ట్రేలియా అమ్మాయి ఆన్ పామర్ 18 పరుగులకి 7 వికెట్లు తీసింది. అంటే దెబ్బ తిన్నవాళ్లు నెల తిరక్కుండానే తేరుకున్నారు.

ఇంగ్లండ్ కెప్టెన్ బెట్టీ ఆర్చ్‌డేల్ గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వాళ్లమ్మ హెలెన్ ఓటు హక్కు కోసం కొట్లాడి జైలుకి వెళ్లిన మనిషి. వైట్‌హాల్‌లో సర్కారు ఆఫీసుల కిటికీలు పగలగొట్టడానికి వాళ్లమ్మకి రాళ్లు ఏరిపెట్టేదాన్నని బెట్టీ పెద్దయ్యాక చెప్పుకుంది. చిన్నపిల్ల ఒళ్లో రాళ్లు పోసుకుని అమ్మ వెనకాల నడుస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకో! ఇరవై ఏడేళ్లకి మొదటి టెస్టు కెప్టెన్ అయింది. తర్వాత 1946లో మళ్లీ సిడ్నీ వెళ్లి, అక్కడ యూనివర్సిటీలో అమ్మాయిల కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉండి, ఆ దేశంలోనే స్థిరపడిపోయింది. లండన్ లార్డ్స్ మైదానంలో ఉండే క్రికెట్ క్లబ్బు ఎంసీసీ రెండు వందల ఏళ్లకి పైగా ఆడవాళ్లని సభ్యులుగా చేర్చుకోలేదు కదా. 1999లో మొదటిసారి పదిమందికి గౌరవ సభ్యత్వం ఇచ్చినప్పుడు అందులో ఈవిడ కూడా ఉంది. అప్పటికి తొంభై రెండో ఏట ఉంది. ఇచ్చేదేదో ఓ నలభై ఏళ్లు ముందే ఇచ్చి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది?

ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండ్ వాళ్లు న్యూజిలాండ్ వెళ్లారు. క్రైస్ట్‌చర్చ్‌లో 1935 ఫిబ్రవరిలో ఒకే టెస్టు. న్యూజిలాండ్ 44 ఆలౌట్. ఇంగ్లండ్ 5 వికెట్లకి 503 కొట్టి డిక్లేర్ చేసింది. ఇన్నింగ్స్ 337 పరుగుల తేడాతో గెలుపు. ఇక్కడ నవ్వుతావా, నవ్వుకో, నేనేమీ అనను. ఊచకోతే అది. కానీ ఆ 503లో వికెట్ కీపర్ బెట్టీ స్నోబాల్ కొట్టిన 189 ఎంతకాలం రికార్డుగా నిలిచిందో తెలుసా? యాభై ఒక్క ఏళ్లు! 1986లో వూస్టర్‌లో ఇంగ్లండ్ మీద మన సంధ్యా అగర్వాల్ 190 కొట్టి దాటింది, సరిగ్గా ఒక్క పరుగుతో. స్నోబాల్ గొప్పది కాబట్టి అంతకాలం నిలిచిందనుకుంటాం. అది సగం నిజమే. మిగతా సగం ఏంటంటే, ఆ యాభై ఏళ్లలో ఆడవాళ్లకి ఎవరైనా టెస్టులు ఆడనిస్తే కదా దాటడానికి!

నేను ఇంత రాయడం దీని కోసమే మామా. వాళ్లు ఎంత కొట్టారని అడుగుతున్నావు కానీ, ఎన్ని ఆడనిచ్చారని అడగట్లేదు.

1937లో ఆస్ట్రేలియా అమ్మాయిలు ఇంగ్లండ్ వెళ్లారు. వాళ్లకి పెట్టిన రూల్సు చూస్తే మన ఇంటర్ హాస్టల్ వార్డెన్ దేవుడు. సిగరెట్టు, మందు, జూదం బంద్. భర్తలూ చుట్టాలూ వెంట రాకూడదు. రాత్రి పదికల్లా పడుకోవాలి, పొద్దున్నే ఓడ డెక్కు మీద కసరత్తు చెయ్యాలి. వాళ్లలో పెగ్గీ ఆంటోనియో అని పోర్ట్ మెల్‌బోర్న్ అమ్మాయి ఉంది, లెగ్ స్పిన్నర్. ఫ్యాక్టరీలో పనిచేసేది. ఆస్ట్రేలియా మగ జట్టు లెగ్ స్పిన్నర్ క్లారీ గ్రిమ్మెట్ పేరు మీద "గర్ల్ గ్రిమ్మెట్" అని పిలిచేవాళ్లు. ఓడ ఖర్చులకి ఆ పిల్ల దగ్గర డబ్బెక్కడిది? ఎవరో పెద్దాయన కట్టాడు కాబట్టి వెళ్లింది. ఆయన కట్టకపోతే ఆ పేరు ఇవాళ నేను నీకు రాసేవాణ్ణి కాదు. నార్తాంప్టన్‌లో ఆస్ట్రేలియా 31 పరుగులతో గెలిచింది, వాళ్ల తొలి గెలుపు అదే. బ్లాక్‌పూల్‌లో ఇంగ్లండ్ 25 పరుగులతో బదులు తీర్చుకుంది. ఓవల్‌లో మూడోది డ్రా. 47 ఆలౌట్ అయినవాళ్లు రెండున్నరేళ్లలో సిరీస్ 1-1 చేశార్రా.

ఆ తర్వాత యుద్ధం. 1948 దాకా ఒక్క టెస్టు కూడా లేదు.

ఇక నా అభిమాన దేవత దగ్గరికి వస్తున్నాను. బెట్టీ విల్సన్. మెల్‌బోర్న్‌లో కాలింగ్‌వుడ్ పిల్ల, నాన్న చెప్పులు కుట్టేవాడు. బంతిని మేజోడులో వేసి, బట్టలారేసే తీగకి వేలాడదీసి బ్యాటింగ్ ప్రాక్టీసు చేసేదట. యుద్ధం వల్ల ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా టెస్టు ఆడే భాగ్యం లేదు. వెల్లింగ్టన్‌లో మొదటి టెస్టులోనే 90 పరుగులు, పది వికెట్లు.

1958 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ జంక్షన్ ఓవల్‌లో ఇంగ్లండ్‌తో టెస్టు. తడిసిన పిచ్. ఆస్ట్రేలియా 38కి ఆలౌట్. ఇంగ్లండ్ బౌలర్ మేరీ డగ్గన్ 6 పరుగులిచ్చి 7 వికెట్లు పట్టుకుపోయింది. నీలాంటివాడు అక్కడే టిఫిన్ డబ్బా సర్దుకుని లేచిపోతాడు. తర్వాత బెట్టీ విల్సన్ బంతి తీసుకుంది. 7 పరుగులకి 7 వికెట్లు, అందులో హ్యాట్రిక్, మహిళల టెస్టుల్లో మొదటిది. ఇంగ్లండ్ 35 ఆలౌట్. 38 కొట్టినవాళ్లకి మూడు పరుగుల లీడు! రెండో ఇన్నింగ్స్‌లో అదే మైదానంలో విల్సన్ సరిగ్గా 100 కొట్టింది. ఆస్ట్రేలియా 9 వికెట్లకి 202 దగ్గర డిక్లేర్ చేసింది. విల్సన్ మళ్లీ బౌలింగ్‌కి వచ్చి 9 పరుగులకి 4 వికెట్లు. మొత్తం 16 పరుగులకి 11 వికెట్లు. ఇంగ్లండ్ 8 వికెట్లకి 76 దగ్గర ఎలాగో వేలాడి డ్రా చేసుకుంది.

ఒకే టెస్టులో సెంచరీ కొట్టి పది వికెట్లు తీసిన మొదటి మనిషి ఆవిడ. మొదటి ఆడమనిషి అనట్లేదు, మొదటి మనిషి అంటున్నాను. మగవాళ్లలో ఆ పని మొదట చేసింది ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ ఇయాన్ బోథమ్, 1980లో వాంఖడేలో, మనమీదే. అప్పటికి విల్సన్ చేసి ఇరవై రెండేళ్లు. బోథమ్ సంగతి నువ్వు తేదీతో సహా చెప్తావు. విల్సన్ పేరు మొన్న నా నోటి నుంచే మొదటిసారి విన్నావు. నీ తప్పని అనట్లేదు, మనకి ఎవరు చెప్పారు?

ఆవిడ ఆడిన టెస్టులు మొత్తం 11. సగటు 57 పైన, వికెట్లు 68. పదేళ్లలో పదకొండే.

మన దేశం సంగతి. 1973లో లక్నోలో మహిళా క్రికెట్ సంఘం రిజిస్టర్ అయింది. 1976 అక్టోబర్ 31న బెంగళూరులో వెస్టిండీస్‌తో మొదటి టెస్టు, కెప్టెన్ శాంతా రంగస్వామి. ఆ నవంబర్‌లోనే పాట్నాలో మొదటి గెలుపు. రిజర్వేషన్ లేని రైలు డబ్బాల్లో కిట్‌బ్యాగుల మీద కూర్చుని వెళ్లి, డార్మిటరీల్లో నేల మీద పడుకుని ఆడిన తరం అది. మన హైదరాబాద్ పూర్ణిమా రావు కెప్టెన్‌గా ఉన్న 1995 సిరీస్‌లో, జంషెడ్‌పూర్‌లో నీతూ డేవిడ్ 53 పరుగులకి 8 వికెట్లు తీసి డగ్గన్ 7 వికెట్ల రికార్డు చెరిపేసింది. అయినా ఆ టెస్టు మనం ఓడిపోయాం. ఎంత తేడాతో? రెండు పరుగులు! ఇలాంటి మ్యాచ్ మగవాళ్లు ఆడి ఉంటే ఇప్పటికీ ప్రతి ఏడాదీ టీవీలో వేసి మనల్ని ఏడిపించేవాళ్లు.

మిథాలీ రాజ్ సంగతి ఆలోచించు. మన సికింద్రాబాద్ మైదానాల్లో పెరిగిన పిల్ల. 2002లో టాంటన్‌లో, పందొమ్మిదేళ్లకి, తన మూడో టెస్టులోనే 214 కొట్టి అప్పటి ప్రపంచ రికార్డు తిరగరాసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆడింది. మొత్తం టెస్టులు 12. సచిన్‌వి 200. 2006లో టాంటన్‌లో టెస్టు గెలిచిన మన జట్టుకి మళ్లీ టెస్టు దొరికింది 2014లో, వార్మ్‌స్లీలో. అదీ గెలిచారు, రెంటికీ మిథాలీయే కెప్టెన్. గెలుస్తున్న జట్టుని ఎనిమిదేళ్లు కూర్చోబెట్టడం ఏ న్యాయం రా? బెట్టీ విల్సన్‌కి యుద్ధం అడ్డం వచ్చింది. మిథాలీకి ఏం అడ్డం వచ్చినట్టు?

"ఎవరు చూస్తారు, డబ్బులు రావు" అంటావు, తెలుసు. చూపిస్తే కదా చూసేది. 2023 డిసెంబర్‌లో నవీ ముంబైలో ఇంగ్లండ్‌ని 347 పరుగులతో చితక్కొట్టారు, వెంటనే వాంఖడేలో ఆస్ట్రేలియాని టెస్టుల్లో మొదటిసారి ఓడించారు. 2024లో చెన్నైలో షెఫాలీ వర్మ 205 కొట్టింది. మిథాలీ తర్వాత మన అమ్మాయి ఇంకో డబుల్ సెంచరీ కొట్టడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. అందులో ప్రతిభ లోటెంత, మ్యాచుల లోటెంత అన్నది నువ్వే లెక్క వేసుకో. 2025లో వరల్డ్ కప్ గెలిచినప్పుడు మన కడప పిల్ల శ్రీచరణి బౌలింగ్ చూసి నువ్వే కదా నాకు అర్ధరాత్రి మెసేజ్ పెట్టింది. ఆ పిల్ల ఎన్ని టెస్టులు ఆడుతుందో అని నాకు ఇప్పట్నుంచే టెన్షన్.

అన్నట్టు, మీ చిన్నది అకాడమీలో చేరిందనీ, ఆఫ్ స్పిన్ వేస్తోందనీ చెల్లెమ్మ చెప్పింది. కొత్త బంతి కొనేటప్పుడు షాపువాడి మాట వినకు, మగవాళ్ల బంతే అంటగడతాడు. ఆడవాళ్ల బంతి 140 నుంచి 151 గ్రాముల మధ్య ఉంటుంది, మగవాళ్లది 156 నుంచి మొదలు. దాని వేళ్లకి ఇంకా చిన్న సైజు కావాలేమో కోచ్‌ని అడుగు. అది నెట్స్‌లో వేస్తున్న వీడియో ఒకటి పంపు, మణికట్టు ఎలా తిప్పుతోందో చూడాలి.

ఉంటాను రా. మోకాలికి ఆ నూనె రాస్తున్నావా, మానేశావా?