పరిశోధన కబురు తెలుగులోనూ రావాలి

సంపాదకులకు నమస్కారం.

తార్నాక, హబ్సిగూడ చుట్టుపక్కలే జాతీయ పోషకాహార సంస్థ, రసాయనాల మీద పనిచేసే ఐఐసీటీ, జీవకణాల మీద పనిచేసే సీసీఎంబీ, భూగర్భాన్ని పరిశోధించే ఎన్‌జీఆర్‌ఐ ఉన్నాయి. తిండి, మందులు, జన్యువులు, భూకంపాల గురించి మనకొచ్చే సందేహాలకు జవాబు చెప్పగలవాళ్లు ఇంత దగ్గర్లో ఉన్నా, జనం మాత్రం వాట్సాప్ ఫార్వర్డులే నమ్ముకుంటున్నారు. పరిశోధకులకు చెప్పాలని లేక కాదు. సోషల్ మీడియాలో ఎలా చెప్పాలో పక్కన కూర్చుని చూపించేవాళ్లు లేరు.

తమ పరిశోధన పేపరు జర్నల్‌లో (పరిశోధన పత్రికలో) వచ్చిన రోజు చాలామంది దాని ఇంగ్లిష్ శీర్షికను, లింకును పెట్టి ఊరుకుంటారు. శీర్షిక అర్థం కాదు. లింకు నొక్కితే డబ్బు కట్టమంటుంది. రెండోదానికి దారి ఉంది. ఆమోదం పొందిన రాతప్రతిని పరిశోధకులు తమ సంస్థ రిపాజిటరీలో, అంటే ఎవరైనా ఉచితంగా చదవగల ఆన్‌లైన్ భాండాగారంలో, పెట్టుకోవడానికి చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి. కొన్ని ఆరు నెలలో ఏడాదో ఆగమంటాయి. ఏ జర్నల్ ఏమంటుందో ఓపెన్ పాలసీ ఫైండర్ (పాత పేరు షెర్పా రోమియో) సైట్‌లో చూసుకోవచ్చు.

అసలు శ్రమంతా మొదటిదానికే. తెలుగులో ఐదు వాక్యాలు రాయాలి: ప్రశ్న ఏమిటి, దేని మీద చూశారు, ఏం తేలింది, తేడా ఎంత, ఇంకా తేలనిదేమిటి. ప్రయోగం ఎలుకల మీద జరిగితే ఆ మాట మొదటి వాక్యంలోనే రావాలి. చివర్లో పెడితే, అక్కడిదాకా చదవనివాళ్లు ‘క్యాన్సర్‌కు మందు దొరికింది’ అని పంచేస్తారు. పదాల దగ్గరా జాగ్రత్త కావాలి. ‘కణం’ భౌతికశాస్త్రంలో ఒకటి, జీవశాస్త్రంలో మరొకటి. ‘జీవకణం’ అంటే తికమక ఉండదు. ప్రోటీన్, వైరస్ అందరి నోటా ఉన్న మాటలే, వాటికి కొత్త పదాలు కట్టనక్కర్లేదు.

ఎక్స్‌లో (పాత ట్విటర్‌లో) ఉచిత ఖాతాకు 280 క్యారెక్టర్ల హద్దు తెలుగుకు మరీ ఇరుకు. అక్కడ గుణింతపు గుర్తు, పొల్లు, వత్తు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు! లింకు ఎంత పొడవున్నా 23. అవి పోగా ముప్పై, ముప్పై అయిదు మాటలు పడతాయంతే. కాబట్టి ఫలితం మొదటి పోస్టులోనే చెప్పేసి, మిగతాది దాని కిందే వరసగా రాయాలి.

పోస్టర్లతో ఇంకో చిక్కు. డీటీపీలో వాడే అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్, అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగల యూనికోడ్ పద్ధతిలో ఉండదు కనుక, పోస్టులోకి కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి. దాంతో బొమ్మగా పెట్టేస్తారు. అప్పుడు వెతికినవాళ్లకు దొరకదు, చూపులేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించలేదు. మ్యాటర్ యూనికోడ్‌లో పోస్టులోనే ఉండాలి, బొమ్మ దానికి తోడు మాత్రమే. ఆ బొమ్మలోనూ ఒక్క గ్రాఫు చాలు, జూమ్ చేయకుండా ఫోన్‌లో కనబడేలా, తెలుగు అక్షరాలతో.

డీఓఐ లింకు, అంటే ప్రతి పేపరుకూ విడిగా ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యతో ఉన్న లింకు, మరవకూడదు. స్క్రీన్‌షాటో గూగుల్ డ్రైవ్ పీడీఎఫో పెడితే పేపరు గురించి ఆన్‌లైన్‌లో ఎంత చర్చ జరిగిందో లెక్కగట్టే ఆల్ట్‌మెట్రిక్ లాంటి సేవలు దాన్ని పేపరు ఖాతాలో వేయలేవు. వాట్సాప్‌లో ఎంతమంది పంచుకున్నా ఎలాగూ లెక్కకు రాదు. అయినా మన ఇళ్లకు చేరేది దాని మీదే కనుక, ఆ మెసేజ్‌లోనూ సంస్థ పేరు, తేదీ, లింకు ఉండి తీరాలి. లేకపోతే నాలుగు గ్రూపులు దాటేసరికి ఎవరు చెప్పారో తెలియకుండా పోతుంది.

తొందరపాటుతో వచ్చే నష్టాలూ ఉన్నాయి. పేటెంటు దరఖాస్తు వేయకముందే వివరాలు బయటపెడితే కొత్తదనం పోయి, పేటెంటే చేజారవచ్చు. జర్నల్ పెట్టిన ఎంబార్గో గడువు (అంతవరకు ఫలితం బయటపెట్టకూడదన్న షరతు) లండన్ సమయం సాయంత్రం 4 అయితే మనకు చలికాలంలో రాత్రి 9:30, ఎండాకాలంలో 8:30. అంతకు ముందు పెట్టకూడదు.

ఈ పనంతా పీహెచ్‌డీ విద్యార్థుల మీద పడేసి, పోస్టులో వాళ్ల పేరైనా వేయకపోవడం అన్యాయం. ప్రతి సంస్థా తెలుగు బాగా రాయగల ఒక మనిషిని ఇందుకోసం పెట్టాలి. ఏది రాయొచ్చో, దేనికి ఎవరి అనుమతి కావాలో ఒక్క పేజీలో రాసివ్వాలి. వైద్యానికి సంబంధించిన పోస్టు కింద ‘మా అమ్మకు ఈ మందు వాడొచ్చా’ అని అడిగేవాళ్లు తప్పక ఉంటారు. వాళ్లను డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పాలే తప్ప పోస్టులో సలహా ఇవ్వకూడదని ఆ పేజీలో ఉండాలి.

మీ పత్రిక కూడా వారానికొక పరిశోధన గురించి, చేసినవాళ్లే రాసిన ఐదు వాక్యాలు అచ్చువేయాలని కోరుతున్నాం.

– సైన్స్ సమాచార రంగంలో పనిచేసే మిత్రబృందం, తార్నాక, హైదరాబాద్