తమిళంలో అర్జీ రాసిపెట్టిన అమ్మకు

నిరుడు చెన్నైలోని వేళచ్చేరి వార్డు సభలో నా పక్కన కూర్చున్న అమ్మా, ఆ హడావిడిలో మీ పేరైనా అడగలేదు. మా వీధి చివరి కుంటలో చెత్త పోయకుండా చూడమని అడగడానికి వచ్చాను. తమిళం మాట్లాడగలను గానీ రాయలేను. మీరు కళ్లజోడు సవరించుకుని, ఒక్కో వాక్యం నాకు చదివి వినిపిస్తూ రెండు పేజీలు రాసిపెట్టారు. “చెత్త తీయమంటే ఒకసారి తీసి వెళతారు, కంచె వేయమని అడగండి” అని చెప్పి ఆ మాట మీరే చేర్చారు. పని జరిగింది ఆ మాటతోనే.

మా దగ్గరి పళ్లికరణై చిత్తడి నేల 2022లో, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలను చేర్చే రామ్‌సర్ జాబితాకెక్కడం వెనుక కూడా ఏళ్ల తరబడి పోరాడిన స్థానికులున్నారు. 2019 ఎండల్లో ట్యాంకరు కోసం బిందెలతో నిలబడ్డ మాకు నీటి విలువ వేరే చెప్పాలా!

కంచె పడింది. మా బావి నీళ్లు తేటపడ్డాయి. మీకు మనసారా కృతజ్ఞతలు. ఆ నీళ్లతో పెరిగిన గోంగూర మీకోసం దాచి ఉంచుతాను, ఒకసారి మా ఇంటికి రండి.