డైరెక్టర్ల ఫొటోలు చూసి లీజు రాయొద్దు

సంపాదకులకు,

సోలార్ కంపెనీలు భూమి లీజుకు అడిగేటప్పుడు డైరెక్టర్ల ఫొటోలు, డిగ్రీలు చూపిస్తాయి. కోటు ఫొటోతో కరెంటు పుట్టదు కదా! మెగావాట్‌కు నాలుగైదు ఎకరాల చొప్పున పాతికేళ్లకు రాసిచ్చే రైతు అడగాల్సింది వేరు. కంపెనీలో సబ్‌స్టేషన్ అనుసంధానం చూసే అధికారి ఎవరు? అనుమతి చేతికొచ్చిందా? కరెంటు పంపే లైను దొరక్క ఆగిపోయే ప్రాజెక్టులు ఉంటాయి. నిర్వహణ ఇంజినీరు మాటకు పైవాళ్లలో విలువుందా? గుంటూరు ఎండల్లో ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక, ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి పడిపోతుంది; దుమ్ము దెబ్బ అదనం. ప్యానెల్ కరెంటును లైనుకు పనికొచ్చేలా చేసే ఇన్వర్టర్లు పది పదిహేనేళ్లకు మార్చాలి, ఆ డబ్బు సంగతి ఫైనాన్స్ అధికారిని అడగండి. డైరెక్టర్ల పేర్లు, కంపెనీ ఆస్తులపై తాకట్ల వివరాలు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. సంతకానికి ముందే చూసుకోవాలి.

– కొందరు విద్యుత్ ఇంజినీర్లు, గుంటూరు