ఉగ్రవాద జాబితాకూ న్యాయమూర్తి పరిశీలన ఉండాలి

సంపాదకులు గారికి,
నమస్కారం. ఏదైనా సంస్థపై కేంద్రం చర్య తీసుకున్న ప్రతిసారీ పత్రికలు, టీవీలు ‘నిషేధం’ అనే ఒకే మాటతో సరిపెడుతున్నాయి. 1967 నాటి చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టంలో, అంటే మనం ఉపా అని పిలిచే చట్టంలో, ఇందుకు రెండు వేర్వేరు దారులున్నాయి. వాటి మధ్య తేడా తెలియకపోతే అన్యాయం ఎక్కడ ఉందో కనబడదు.

మూడో సెక్షన్ కింద ఒక సంస్థను చట్టవ్యతిరేక సంఘంగా ప్రకటిస్తే ప్రభుత్వం ఆ సంగతిని 30 రోజుల్లోగా హైకోర్టు న్యాయమూర్తి నేతృత్వంలోని ట్రిబ్యునల్‌కు నివేదించాలి. ఆ సంస్థ వాదన కూడా విని ఆరు నెలల్లో ట్రిబ్యునల్ తేల్చాలి. ప్రకటనను ధ్రువీకరించినా అది అయిదేళ్లకు ముగుస్తుంది. ఇది ఉత్త తంతు కాదు. 2008 ఆగస్టు 5న సిమి (స్టూడెంట్స్ ఇస్లామిక్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియా) అనే సంస్థపై నిషేధాన్ని ట్రిబ్యునల్ కొట్టివేసింది. మర్నాడే సుప్రీంకోర్టు స్టే ఇచ్చిన మాట నిజమే, అయినా ప్రభుత్వం చూపిన ఆధారాలను ఒక న్యాయమూర్తి తూచి చూడగలిగారు.

35వ సెక్షన్ సంగతి వేరు. ఒక సంస్థకు ఉగ్రవాదంతో సంబంధం ఉందని కేంద్రం నమ్మితే చాలు, గెజిట్ నోటిఫికేషన్‌తో దాని పేరు మొదటి షెడ్యూల్లోకి, అంటే చట్టం చివర ఉండే ఉగ్రవాద సంస్థల జాబితాలోకి, ఎక్కుతుంది. 2009 జూన్ 22న మావోయిస్టు పార్టీ పేరు అలాగే ఎక్కింది. ట్రిబ్యునల్ లేదు, గడువు లేదు. పేరు తీసేయమని మళ్లీ కేంద్రానికే అర్జీ పెట్టుకోవాలి. కేంద్రం నిరాకరిస్తే నెలలోగా సమీక్షా కమిటీని ఆశ్రయించాలి. 2019 సవరణతో ఏ కోర్టూ దోషిగా తేల్చని వ్యక్తి పేరును కూడా ఇదే పద్ధతిలో నాలుగో షెడ్యూల్లో, అంటే ఉగ్రవాదులుగా ప్రకటించిన వ్యక్తుల జాబితాలో, చేర్చవచ్చు.

చట్టవ్యతిరేక సంఘంలో సభ్యత్వానికి రెండేళ్ల వరకు శిక్ష. ఉగ్రవాద సంస్థలో సభ్యత్వానికి పదేళ్ల వరకు, పైగా బెయిలు దొరకడమే గగనం. చిన్న ముద్రకు న్యాయమూర్తి అనుమతి కావలసివచ్చి, పెద్ద ముద్రకు అక్కర్లేకపోవడం ఏ న్యాయం?

మందుపాతరలనూ ఎదురుకాల్పులనూ, రెండు వైపుల నుంచీ లేచిన శవాలనూ చూసిన జిల్లాలు మావి. హింసకు దిగే సంస్థలను అడ్డుకునే అధికారం ప్రభుత్వానికి ఉండాల్సిందే. కానీ ఇలాంటి జాబితా ఎంతమందిని తాకుతుందో కూడా మాకు తెలుసు. 2021 మార్చి 30 తేదీ జీవోతో రాష్ట్ర ప్రభుత్వం రాష్ట్ర ప్రజాభద్రతా చట్టం కింద 16 సంఘాలను నిషేధించినప్పుడు, హన్మకొండ కోర్టు ఆవరణలో పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. మాస్కు గడ్డం కిందికి దించుకుని, నాలుగు మడతలు పడ్డ ఇంగ్లిషు జిరాక్సు విప్పి, “సారూ, మా పిలగాని సంఘం పేరు ఇందుల ఉన్నదా?” అని అడిగాడు. పేరు లేదని చెప్పినా రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ జీవోను అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. ఆ మూడు నెలల భయాన్ని ఎవరు వెనక్కి తీసుకుంటారు?

అందుకే మన ఎంపీలు పార్లమెంటులో రెండు సవరణలు అడగాలి. షెడ్యూల్లో చేర్చిన ప్రతి పేరూ 30 రోజుల్లోగా ట్రిబ్యునల్ ముందుకు వెళ్లాలి. అయిదేళ్లకొకసారి ప్రభుత్వం ఆధారాలతో దాన్ని మళ్లీ నిరూపించుకోవాలి. ఇక చట్ట సవరణ అక్కర్లేని పని ఒకటుంది: ఇలాంటి ప్రతి నోటిఫికేషన్‌నూ కారణాలతో సహా తెలుగులో అచ్చువేసి తహసీల్దారు కార్యాలయాల్లో అతికించడం. అది రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక న్యాయవాది, హన్మకొండ