నేసిన వాళ్ల పేర్లు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

అడవి, చెరువు, పక్షులు ఇలా ప్రకృతి దృశ్యాలతో పదిమంది కలిసి నేసే పెద్ద టేపెస్ట్రీల (రంగు పోగులతోనే బొమ్మలు నేసిన గోడ తెరల) ఫోటోలు పత్రికల్లో వస్తుంటాయి, చూడముచ్చటగా ఉంటాయి, కానీ కింద బొమ్మ గీసిన ఆర్టిస్టు పేరొక్కటే ఉంటుంది. ఇది అన్యాయమండీ. గీసిన బొమ్మను పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) వెనకాల పెట్టుకున్నా, ఆకు మీద ఎండ పడేచోట ఏ పచ్చ, నీడలో ఏ పచ్చ అన్నది చాలాసార్లు నేసేవాళ్లే తేల్చుకోవాలి; లేత పోగు, ముదురు పోగు కలిపి ఒకే పేకగా (అడ్డపోగుగా) వేస్తే దూరం నుంచి మూడో రంగులా కనిపిస్తుంది. మామూలు బట్టలోలా ఇందులో పేక ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పోదు, ఏ రంగు దాని జాగాలోనే అటూ ఇటూ తిరుగుతుంది, రెండు రంగులు నిలువుగా ఆనుకున్నచోట చీలిక మిగులుతుంది, అది వద్దనుకుంటే కుట్టాలి లేదా పోగులు ఒకదానికొకటి మెలేయాలి. పైగా ఒకరు బిగువుగా, పక్కవాళ్లు వదులుగా నేస్తే మొత్తం గుడ్డే వంకర పోతుంది.

పారిస్ క్లూనీ మ్యూజియంలో 1500 ప్రాంతంలో నేసిన 'లేడీ అండ్ ది యూనికార్న్' తెరలు ఆరు ఉన్నాయి, నేపథ్యం నిండా పూలే, నేసిందెవరో మాత్రం తెలియదు. ఇప్పుడు నేస్తున్నవాళ్లు మన కళ్లముందే ఉన్నారు కదా. ఫోటో కింద ఇంకో రెండు లైన్లు పెంచి అందరి పేర్లూ వేయండి.

— ఒక పాఠకురాలు